సున్నం గీతలు

"మీరు గమ్యం చేరుకున్నారు" అని చెప్పి కారులోని తెర ఊరుకుంది. ఎదురుగా గోడ. రైల్వే స్థలానికీ సుభాష్‌పల్లి ఇళ్లకీ మధ్య కట్టిన పాత ఇటుక గోడ అది. దానికి ద్వారం లేదు. గోడ మీదుగా షామియానా కొసలు కనిపిస్తున్నాయి, వంట పొగ లేస్తోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. నేను చేరాల్సిన ఇల్లు నాకు పదడుగుల దూరంలో ఉంది, నేను మాత్రం దానికి వీపు వైపు ఉన్నాను. సైకిలు మీద పోతున్న బెంగాలీ పెద్దాయన ఒకరు ఆగి, వెనక్కి వెళ్లి రెండు మలుపులు తిరగమన్నారు. తెర వైపు చూసి, "మెషీన్ కీ జానే, దాదా", మెషీన్‌కేం తెలుసు అని నవ్వి పోయారు.

ఆ రోజు మావయ్య పోయి పదకొండో రోజు. ఆయన ఆ ఇల్లు కట్టుకుని ఏడేళ్లయింది. నిమ్‌పురాలో నేనుండే క్వార్టర్‌కి అదేమంత దూరం కాదు. అయినా దారి తెలియక యంత్రాన్ని అడగాల్సి వచ్చిందంటే, ఈ ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదని అర్థం. కారు వెనక్కి తిప్పుతుంటే ఇలాంటి పెట్టె గురించే ఆయన అన్న మాట చెవిలో పడ్డట్టయింది.

"దానికి ఈది తెలుసురా. గుమ్మం తెల్దు."

ఆయన రైలు డ్రైవరు. కాగితాల్లో లోకో పైలట్ అని రాసేవారు గానీ ఆయన మాత్రం, "నాను డ్రైవర్నిరా, పైలట్లు కలైకుండా ఎయిర్‌బేసులో ఉంటారు" అనేవారు. నేను ఆయనకి అసిస్టెంటుని. మాకు చుట్టరికం లేదు. ఆయన తాతగారూ మా తాతా శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్లోని ఈ రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చినవాళ్లే గాని, వేర్వేరు ఊళ్ల వాళ్లు. అయినా మావయ్యా అనే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను పంతులూ అనేవారు. అది గౌరవం కాదు, వెక్కిరింత. నా చదువు ఐ.టి.ఐ.తో ఆగింది. కాని రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఉన్న రెండు తెలుగు బీరువాలూ పూర్తిచేసి, నిఘంటువు పట్టుకుని ఇంగ్లీషు బీరువాల్లోకి దూరినవాణ్ణి. డ్యూటీ సంచిలో అన్నం డబ్బా పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. "ఏటి పంతులూ, ఇయ్యాల ఏటి నేర్సినావు?" అని అడిగేవారు ఇంజను ఎక్కుతూనే. వెక్కిరిస్తూ అడిగినా, జవాబు మాత్రం చివరిదాకా వినేవారు.

ఆయన భయస్తుడు. ఈ మాట నేను చాటుగా అనడం లేదు, ఆయనే అందరితో అనేవారు. ఇంజను ఎక్కేముందు కుడి కాలి చెప్పు విడిచి బొటనవేలితో పట్టా తాకేవారు. దేవుడికా అని అడిగితే, ఎంత చలిగా ఉందో చూస్తున్నానన్నారు. చలికి పట్టా ముడుచుకుంటుంది, ముడుచుకుంటే చిట్లుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. చలికేమో అనుకున్నాను చాలాకాలం. ఒకసారి ఎండాకాలంలో కూడా అలాగే కూర్చుంటే అప్పుడు చూశాను, ఆ చేతులు వణుకుతున్నాయి. బండి కదిలాక వణుకు ఉండేది కాదు. "బయం ఉన్నోడికే బండి ఇయ్యాల. బయం నేనోడికి రిక్సా ఇయ్యాల" అనేవారు.

ఇంజనులో మాకొక ఆచారం ఉంది. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి. ఇది ప్రతి డ్రైవరూ నేర్చుకునే నియమమే. చాలామంది గొంతులో గొణిగి సరిపెట్టేస్తారు. ఆయన అలా ఒప్పుకునేవారు కారు. సంతలో పిలిచినట్టు కేకవేసి చెప్పేవారు, నేనూ అంత గట్టిగా బదులు చెప్పాలి. నా బదులు అరక్షణం ఆలస్యమైతే ఆయన చెయ్యి బ్రేకు మీదికి పోయేది. పచ్చ సిగ్నల్ కళ్లెదుట వెలుగుతున్నా సరే. ఒకసారి నాకు కోపం వచ్చి, పచ్చ కనిపిస్తూనే ఉంది కదా, ఎందుకీ అరుపులు అన్నాను. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే, "పలుకు రాపోతే ఎరుపేరా. సిగ్నలు ఏ రంగున్నా గాని" అన్నారు.

రోడ్డంటే మా మాటల్లో పట్టాల దారే. దారి ఆయనకి కళ్లతో కన్నా ఒంటితో ఎక్కువ తెలుసు. ఝార్‌గ్రామ్ వైపు వెళ్లేటప్పుడు, ఇనప వంతెన వచ్చే ముందు కాళ్ల కింద చప్పుడు బోలుగా మారుతుందనీ, సాల చెట్ల అడవి మొదలయ్యే చోట గాలి ఒక్కసారిగా చల్లబడుతుందనీ, కోళ్ల ఫారం వాసన దాటిన వెంటనే గేటు వస్తుందనీ చెప్పేవారు. ఏనుగులు దాటే చోటు ఒకటుంది, అక్కడ మాత్రం మాట్లాడేవారు కారు. నేను పుస్తకంలో చదివినది ఏదైనా చెప్పబోతే అరచెయ్యి ఎత్తి ఆపేవారు.

అప్పట్లో మాకు పొగమంచు పెట్టెలు ఇచ్చారు. చేత్తో పట్టుకుపోయే జీపీఎస్ పెట్టె అది, టిఫిన్ డబ్బాలో సగం ఉంటుంది. రాబోయే సిగ్నల్ పేరూ దూరమూ తెర మీద చూపించి, దగ్గరపడ్డాక ఆడగొంతుతో చెబుతుంది. పొగమంచులో ఇంజను ముక్కు కూడా కనబడని ఉదయాలు మాకు ఏటా వస్తాయి. కాబట్టి చాలామంది డ్రైవర్లు ఆ పెట్టెని కళ్లకద్దుకున్నారు. దానితో కష్టాలూ లేకపోలేదు. ప్లాట్‌ఫారం రేకుల కింద దానికి ఉపగ్రహాలు అందవు. కిటికీ అద్దానికి ఆనించి, పాలు పొంగడానికి కాచుకున్నట్టు దాని ముందు నిలబడాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ఒక్కోసారి ఆగి ఉన్న బండిని కదులుతోందంటుంది. ఆయన దాన్ని ముట్టుకునేవారు కారు. ఆ ఆడగొంతుకి దీదీ అని పేరుపెట్టి, "దీదీ ఏటంటంది?" అని నన్నడిగేవారు. అది చెప్పింది నేను చెబితే, తల ఊపి, మళ్లీ కిటికీలోంచి తల బయటపెట్టి కింద పట్టాలని మోసే స్లీపర్ దిమ్మలు చూసుకుంటూ కూర్చునేవారు.

స్లీపర్లు ఎందుకంటే, పొగమంచు రోజుల్లో సిగ్నల్ రావడానికి ముందు ఆ దిమ్మల మీద, పట్టాలకి అడ్డంగా సున్నం గీతలు గీస్తారు. పైన దీపం కనబడకపోయినా కింద తెల్లగీత కనబడుతుందని పాత పద్ధతి. దాని కోసం ఆయన సగం ఒళ్లు బయటపెట్టి వేలాడేవారు. మీసాల మీద మంచు పూసలు కట్టేది. గమ్‌ఛా తువ్వాలుతో తుడుచుకుంటూ, ముక్కు ఎర్రబడిపోయి, అచ్చం ఎవరినో తప్పిపోయినవాళ్లని వెతుక్కుంటున్నవాడిలా ఉండేవారు.

పెట్టె మీద ఆయన భయం పోగొట్టాలని నేను లైబ్రరీలో ఒక పుస్తకం సంపాదించి వారం రోజులు చదివాను. నిమ్‌పురా యార్డులో బండి దొరక్క కూర్చున్న ఒక మధ్యాహ్నం అంతా వివరించాను. ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి, వాటిలో టైము తప్పని గడియారాలున్నాయి, అవి పంపేది టైము మాత్రమే, ఆ టైము మనకి చేరడానికి పట్టిన ఆలస్యాన్ని బట్టి మనం ఎక్కడున్నామో పెట్టె లెక్క కట్టుకుంటుంది, నాలుగైనా అందితేనే లెక్క కుదురుతుంది. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు.

"అంటే ఆ సుక్కలు టైమే సెప్తాయి. ఎక్కడున్నామో అన్న లెక్క ఈ పెట్టిది."

అవునన్నాను.

"లెక్క ఎంత దగ్గిరగా వస్తాది?"

కొన్ని మీటర్లు అటూ ఇటూ అని పుస్తకంలో ఉన్నమాట చెప్పాను, గర్వంగానే.

ఆయన లేచి కిటికీలోంచి చూశారు. మా లైను పక్కనే ఎదురు బళ్లు వచ్చే డౌను లైను, దాని పక్కన కొత్తగా వేసిన మూడో లైను. గట్టిగా అంగలేస్తే నాలుగంగలు. "మరి మనం ఏ లైను మీదున్నామో దీనికెలా తెలుస్తాది?"

అది దానికి తెలియదు, బయల్దేరే ముందు మనమే ఎంచుకోవాలి, జాబితాలో ఉంటుంది అన్నాను. అప్పుడే ఆయన ఆ వీధీ గుమ్మం మాట అన్నారు. నేను నవ్వాను. ఆయన చేతులు తొడల కింద పెట్టుకున్నారు.

ఆ చలికాలంలోనే ఒక ఉదయం, తెల్లారి చాలాసేపయినా సూర్యుడి జాడ లేదు. లోకమంతా పాలగిన్నెలో పడ్డట్టుంది. ఖాళీ గూడ్సు బండి తీసుకుని ఝార్‌గ్రామ్ వైపు బయల్దేరాం. పెట్టెకి ఉపగ్రహాలు అందేసరికి ఆలస్యమైంది, కింద నుంచి గార్డు తొందరపెడుతున్నాడు, నేను జాబితాలో లైను ఎంచుకుని మీట నొక్కి పెట్టెని అద్దానికి ఆనించాను. ఆయన తల బయటపెట్టి కూర్చున్నారు. బండి నెమ్మదిగానే పోతోంది. అయినా ఏమీ కనబడనప్పుడు నెమ్మది కూడా వేగమే. పట్టాలు మంచులోంచి పుట్టి మా కిందికి వస్తున్నాయి, అంతే.

ఇనప వంతెన దాటాం.  ఉన్నట్టుండి ఆయన కేకేశారు.

"సున్నం."

నేను తిరిగి "సున్నం" అనాలి. కాని నా కళ్లు తెర మీదున్నాయి. వచ్చే సిగ్నల్‌కి ఇంకా బోలెడు దూరం చూపిస్తోంది. ఆయన చెయ్యి బ్రేకు మీద పడడం, గాలి వదిలిన చప్పుడు వినబడడం తెలుస్తూనే ఉంది. "లేదు మావయ్యా, దీదీ ఇంకా దూరం చూపిస్తంది, అదేదో పాత గీత" అన్నాను. నా గొంతులో అనుమానం ఆవగింజంతైనా లేదు. గాలి చప్పుడు ఆగింది. ఒకటి, రెండు ఊపిర్ల సేపు బండి ఎప్పటిలాగే పోయింది.

"సున్నం" అన్నారు మళ్లీ. ఈసారి కేక కాదు, మామూలు మాటలా.

నేను పలకలేదు. తెర వైపే చూస్తున్నాను, దీదీ పలకాలని.

ఆయన బ్రేకు పూర్తిగా వేశారు. వెనక ఖాళీ వ్యాగన్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఆ అదురు మా వీపుల దాకా వచ్చింది. చక్రాలు అరిచాయి. ఆగడానికి బండి తీసుకున్న సమయం ఎంతో నాకిప్పటికీ తెలియదు. అద్దంలో తెల్లటి శూన్యం తప్ప ఏమీ లేదు, ఆ శూన్యంలోంచి ఏ క్షణాన ఏం వచ్చి అద్దానికి కొట్టుకుంటుందో అని మాత్రం ఉంది. చివరికి ఆగింది. పెట్టె అప్పటికీ ఏమీ అనలేదు.

దిగి చూసి రమ్మన్నారు. ఇంజను మెట్లు దిగి పట్టా పక్కన కంకర మీద చెయ్యి చాచి నడిచాను, గుడ్డివాడిలా. ఒక వ్యాగన్ పొడవు కూడా నడవలేదు, పైన ఎర్రటి మసక కనిపించింది. సిగ్నల్. ఎరుపు. ఆగిపోయాను. అప్పుడు దాని అవతల మంచులోంచి ఎవరో నవ్వారు.

మనిషి నవ్వు. హాయిగా, ఏదో పరాచికానికి నవ్విన నవ్వు. మరో గొంతు దానికి ఏదో అంది. నాలుగడుగులు వేస్తే మనుషులు కనిపించారు. ట్రాక్‌మెన్ గ్యాంగు. చలికి పట్టా చిట్లింది, వేలు దూరేంత సందు. దాన్ని బిగించడానికి వచ్చి, సరంజామా కోసం కాచుకుంటూ, ఏడెనిమిది మంది అదే పట్టా మీద వరసగా కూర్చుని క్యాను లోంచి టీ పోసుకుంటున్నారు. మా బండి చప్పుడు విన్నారట. పక్క లైను మీదనుకున్నారట. గ్యాంగు పెద్ద, వాళ్ల మేట్, నన్ను చూసి ఏమాత్రం కంగారు లేకుండా కాగితం గ్లాసు చాచి, "చా ఖాబేన్, దాదా?" అన్నాడు. తీసుకున్నాను. టీ అంతా నా చేతి మీదే ఒలికింది.

తిరిగి వచ్చి ఇంజను ఎక్కి, చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. పెట్టెని ఏనాడూ ముట్టుకోని మనిషి చెయ్యి చాచి తీసుకున్నారు. తెర పైన ఉన్న లైను పేరు మీద వేలు పెట్టి, "ఇదేటి?" అన్నారు. మూడో లైను. మేము వస్తున్నది మూడో లైను కాదు. వంతెన దాటాక ఆ లైనుకి సిగ్నళ్లు వేరే చోట్ల ఉంటాయి. జాబితాలో ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు పేర్లలో నేను నొక్కింది కింద పేరు. పెట్టె తప్పు చెప్పలేదు. నేను అడిగినదానికి సరిగ్గానే జవాబు చెప్పింది.

ఇంక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన పెట్టె పక్కన పెట్టి, చేతులు తొడల కింద పెట్టుకున్నారు. మంచులో ఆ ఎరుపు ఇప్పుడు కొద్దిగా కనిపిస్తోంది.

"సెప్పు" అన్నారు.

"ఏటి మావయ్యా?"

"సిగ్నలు."

"ఎరుపు" అన్నాను.

"ఎరుపు" అన్నారు ఆయన. కాసేపయ్యాక, నా వైపు చూడకుండా అన్నారు: "పంతులూ, నువ్వు నేదన్నావు సూడు, అప్పుడు నాను బ్రేకు ఒగ్గేసినాను. నా కళ్లతో సున్నం సూసి, ఒగ్గేసినాను. ముప్పై ఏళ్లనించి నాను దేనికీ ఒగ్గనేదురా." గమ్‌ఛాతో మీసాలు తుడుచుకున్నారు. మళ్లీ అన్నారు: "నువ్వు రెండోపాలి పలకనేదు. అదొక్కటే కాసింది."

సిగ్నల్ పచ్చబడేదాకా ఇద్దరమూ ఆ రంగు చెప్పుకుంటూనే ఉన్నాం.

అంత హఠాత్తుగా బండి ఎందుకు ఆపారని ఆఫీసులో అడిగారు. సిగ్నల్ దాటలేదు కాబట్టి అది నేరం కాదు, ఒక వివరణ రాసిస్తే చాలు. ఆయన రాసిచ్చింది నేను చూశాను, ఎందుకంటే ఇంగ్లీషులోకి మార్చింది నేనే. సున్నం గీత చూసి కూడా బ్రేకు వదిలానని, పొగమంచులో నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయిందని, నన్ను యార్డులో షంటింగుకి వెయ్యమని. పెట్టె గురించి అందులో లేదు. లైను గురించి లేదు. నా గురించి లేదు. నేను ఒక్కో వాక్యమూ మారుస్తూ, ఇక్కడ ఇంకో వాక్యం ఉండాలి కదా అని తెలిసి కూడా, కింద సంతకం పెట్టమని కలం ఆయనకిచ్చాను.

రిటైరయ్యేదాకా రెండేళ్లు ఆయన నిమ్‌పురా యార్డులో ఖాళీ వ్యాగన్లని అటూ ఇటూ తోశారు. మెయిల్ బళ్లు నడపాల్సిన సీనియారిటీ ఉన్న మనిషి. డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో కుర్రకారు ఆయన్ని మంచుబాబు అనేవారు. జల్లు పడినా చాలు, "మావయ్యా, మంచు పడతంది, దుప్పటి తెమ్మంటావా?" అనేవారు. "తేరా, నీ పెళ్లాం కప్పుకున్నది కాకుండా ఇంకోటి తే" అని ఆయనా నవ్వేవారు. నేను అక్కడే ఉండేవాణ్ణి. సంచిలో పుస్తకం సర్దుకుంటూ ఉండేవాణ్ణి. తర్వాత నేనూ డ్రైవర్నయ్యాను. ఆయన ఎదురుపడే వేళలు తెలుసుకుని ఆ వేళల్లో లాబీకి వెళ్లడం మానేశాను. ఇంటికి రమ్మని రెండుసార్లు కబురుపెట్టారు. వెళ్లలేదు.

రెండు మలుపులూ తిరిగి ఇల్లు చేరేసరికి భోజనాలు అవుతున్నాయి. షామియానా కింద కుర్చీల్లో మా షెడ్డు వాళ్లు పదిమంది దాకా ఉన్నారు. చనిపోయిన మనిషిని మెచ్చుకుంటున్నారు. మంచివాడు, నిజాయితీపరుడు, కాకపోతే చివర్లో ధైర్యం చచ్చిపోయింది పాపం, మంచు చూస్తే హడలిపోయేవాడు అని ఒకతను అంటున్నాడు. మిగతావాళ్లు అవునవును అంటున్నారు. నేను వాళ్లని దాటి లోపలికి వెళ్లాను.

మావయ్య భార్య, అత్తయ్య, నన్ను గుర్తుపట్టింది. తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బయటి మాటలు అక్కడికి స్పష్టంగా వినిపిస్తున్నాయి. కూర్చోమంది. నేను కూర్చోగానే అడిగింది.

"నువ్వు కూడా ఉన్నావు కదా బాబూ ఆ మంచు దినం. ఆరు, మీ మావయ్య, నిజంగా అంత బయపడిపోనారా? ఎన్నిపాలి అడిగినా నాకు సెప్పనేదు."

భయపడ్డారు అత్తయ్యా, ఆ భయం వల్లే ఏడెనిమిది మంది బతికారు అన్నాను. అక్కడితో ఆపుదామనుకున్నాను. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. అప్పుడు చెప్పాను, జాబితా, కింద పేరు, నేను లేదనడం, రెండోసారి పలకకపోవడం, వివరణ నా చేత్తో రాయడం. అన్నీ చెప్పి, క్షమించమన్నాను.

ఆవిడ ఏడవలేదు. కోప్పడనూ లేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, వాకిలి వైపు గడ్డం చూపించింది.

"నాకెందుకు సెప్తావు బాబూ? నాను ఆరిని పిరికోడని ఎప్పుడూ అననేదు. అన్నోళ్లు బయట కూకున్నారు. ఎల్లి ఆళ్లకి సెప్పు."

నాకింకా చాలా ఏళ్ల సర్వీసుంది. ఆ కూర్చున్నవాళ్లలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. లేవడానికి కొంతసేపు పట్టింది, మంచులో ఇంజను మెట్లు దిగినప్పటికన్నా ఎక్కువసేపు. ఆవిడ చూస్తూనే ఉంది. బయటికి వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఒకతను, అదే ఇందాక ధైర్యం గురించి మాట్లాడినతను, మర్యాదగా లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు.

"ఆ మంచు దినం తప్పు మావయ్యది కాదు. పెట్టెలో లైను తప్పు ఎంచి, ఆరి సేత బ్రేకు ఒగ్గించినోణ్ణి నాను" అన్నాను.

అతని చెయ్యి కుర్చీ వీపు మీదే ఆగిపోయింది.